పాస్‌పోర్టు అదే దొరికిందట!

డిపోలో ఆయన్ని అందరూ టైమ్ బాబాయ్ అంటారు. ఇరవై ఆరేళ్లుగా బస్సు నడుపుతున్నాడు. అందులో పదకొండేళ్లు సరిహద్దు దాటి పక్కదేశం వెళ్లొచ్చే బస్సే. ఐదింటికి బయలుదేరాలంటే పావు తక్కువ ఐదుకల్లా అద్దాలు తుడిచి, టైర్లు తన్ని చూసుకుని, సీట్లో కూర్చుని ఉంటాడు. అలాంటి మనిషి గురించి నిన్నగాక మొన్న వచ్చిన కాలేజీ పిల్లలు అచ్చులో ఏం రాశారో చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆ కాగితం ఇంటికి తెచ్చింది కోడలే. ఆమె కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది. వేసవి కోర్సు పిల్లలు వేసిన పత్రికలో మీ మామగారి గురించి ఉందని ఎవరో అంటే సంబరపడిపోయి, చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకొచ్చింది. సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తుంటే, మామగారి ఎదురుగా కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఒక్కరోజులో విదేశం: వెళ్లబోయేవాళ్లకు పన్నెండు చిట్కాలు. ఒకటి, కొత్త చెప్పులు వేసుకోకండి, ఆ ఊళ్లో వీధులన్నీ ఎత్తుపల్లాలే."

"నిజమే" అన్నాడాయన.

"రెండు, వాళ్ల భాషలో రెండు ముక్కలు నేర్చుకోండి. నమస్కారం ఒకటి, బాత్రూం ఎక్కడ అనేది ఇంకొకటి. ముందు రెండోది నేర్చుకోండి."

ఆయన నవ్వాడు కూడా. మూడూ నాలుగూ సాఫీగానే వెళ్లాయి.

"ఐదు. బస్సు ఐదింటికంటే ఐదున్నరకని అర్థం. డ్రైవరు అరుస్తాడు గానీ వదిలేసి పోడు."

నవ్వు ఆగిపోయింది.

"ఏడు. పాస్‌పోర్టు పోతే కంగారుపడకండి. కాసేపు బస్సులో కూర్చుంటే అదే దొరుకుతుంది. మాకు దొరికింది."

"అదే దొరికిందా?" కుర్చీలోంచి లేచాడు. "కాళ్లొచ్చి నడిచొచ్చిందా? ఆఁ?"

కోడలు తొమ్మిదో చిట్కా దగ్గర తడబడింది. "మిగతావి అంత బాగాలేవులెండి మామయ్యా."

"చదువమ్మా."

"తిరుగు ప్రయాణంలో ముందు సీట్లలో కూర్చోకండి. డ్రైవరు స్నానం చేసి ఎన్నాళ్లయిందో అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది."

ఆయన భార్య చాకు బల్ల మీద పెట్టేసింది. ఆ పిల్లల్ని తీసుకెళ్లి వచ్చిన రోజు ఆయన ప్యాంటును మూడు నీళ్లలో ఉతికింది ఆవిడే.

ఆరోజు జరిగింది ఇదీ. ముప్ఫైరెండు మంది పిల్లల్ని పొద్దున్నే పక్కదేశం ఊళ్లో దింపి, మైకులో రెండేరెండు మాటలు చెప్పాడు. పాస్‌పోర్టు ఒంటిమీంచి తీయొద్దు, ఐదింటికల్లా బస్సులో ఉండాలి. ఆరున్నర దాటితే సరిహద్దు గేటు బస్సులకు మూసేస్తారు. పిల్లలు ఒకళ్లమీద ఒకళ్లు పడి నవ్వుకుంటూ దిగారు. ఐదున్నరకు గానీ చేరలేదు. చేరాక వాళ్లలో పొడుగమ్మాయి ఒకతె సంచి బోర్లించి ఏడుపు అందుకుంది. పాస్‌పోర్టు లేదు.

ఆయన ఆ పిల్లని వెంటబెట్టుకుని, మధ్యాహ్నం తిన్న హోటలుకు పరుగున వెళ్లాడు. ఆ పిల్ల పాస్‌పోర్టు ట్రేలో పెట్టి, దానిమీద నాప్కిన్ కాగితాలు వేసి, ట్రేతో సహా వెనక్కి ఇచ్చేసిందట. అంటే చెత్తలో పడ్డట్టే. హోటలు వెనక సందులో నిలువెత్తు చెత్తడబ్బాలు రెండున్నాయి. మేనేజరు భుజాలెగరేసి లోపలికి పోయాడు. యాభై మూడేళ్ల మనిషి, మోకాలి నొప్పి ఉన్న మనిషి, డ్యూటీ చొక్కా చేతులు మడిచి మొదటి డబ్బాలో దిగాడు. విరిగిన పాలు, కుళ్లిన టమాటాలు, మాంసం ముక్కలు. రెండో డబ్బా అడుగున దొరికింది పాస్‌పోర్టు.

"అంకుల్, వీళ్లకు తెలిస్తే నన్ను జన్మంతా ఏడిపిస్తారు" అంది ఆ పిల్ల.

"హోటలువాళ్లు దాచి ఉంచారని చెప్పు. నేనెవరికీ చెప్పను" అన్నాడాయన.

ఆరూ ఇరవై ఏడుకు గేటు దాటాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వెళ్లాడు. వేసవి కోర్సు చూసుకునే మేడమ్ గది గోడ మీద ఆ పన్నెండు చిట్కాలూ రంగురంగుల అట్టమీద అంటించి ఉన్నాయి. పిల్లలకు లీడరైన కళ్లద్దాల కుర్రాడు పక్కనే ఉన్నాడు. రాసింది అతనే.

"సరదాగా రాశారండీ, మనసులో పెట్టుకోకండి" అంది మేడమ్.

"సరదా ఎవరికి మేడమ్? మా ఇంట్లో నా కోడలు చదివింది. తలెత్తుకోలేకపోయాను."

"ఇందులో అబద్ధం ఏముంది అంకుల్? వాసన వచ్చిన మాట నిజమే కదా" అన్నాడు కుర్రాడు.

మాట నోటిదాకా వచ్చింది. ఆ వాసన ఎందుకొచ్చిందో తెలుసా అని అడగాలి, అంతే. అడిగితే ఆ పిల్ల పేరు బయటపడుతుంది. మాటిచ్చాడు. పళ్లు బిగించి, "ఏడూ తొమ్మిదీ తీసేయండి" అన్నాడు. కారణం చెప్పమంది మేడమ్. చెప్పలేదు. కారణం లేకుండా ఎలా తీస్తామండీ అని ఆవిడ మర్యాదగానే సాగనంపింది. బయటకొచ్చి, దోషిలా తలొంచుకుని వచ్చేశానే అని మెట్లు దిగుతున్నంతసేపూ తననే తిట్టుకున్నాడు.

ఈ సంగతి ఆ పొడుగమ్మాయి చెవిన పడింది. రెండ్రోజులకు డిపోకు వచ్చింది. ఆయన బస్సు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు.

"అంకుల్, నేనే..."

"తెలుసు." బయటికి రాలేదాయన.

"హోటలువాళ్లు దాచారని చెప్పమన్నారు కదా. అందుకని..."

అప్పుడొచ్చాడు బయటికి, చేతిలో పానాతో. "అవునమ్మా, చెప్పమన్నాను. నన్ను స్నానం చెయ్యని వెధవని అచ్చేస్తుంటే చూస్తూ కూర్చోమన్నానా? నీ పరువు దాచాను. నా పరువు ఏమైంది? అది కూడా అదే దొరుకుతుందా?"

ఆ పిల్ల ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. కొళాయి దగ్గరున్న గ్లాసు మాత్రం చూపించి, "నీళ్లు తాగి వెళ్లు" అన్నాడు.

మర్నాడు క్లాసులో ఆ పిల్ల లేచి నిలబడి మొత్తం చెప్పేసిందట. టమాటాల దగ్గర్నుంచి చెప్పేసరికి ముందు నవ్వారట, తర్వాత ఎవరూ నవ్వలేదట. ఆ మధ్యాహ్నమే కళ్లద్దాల కుర్రాడు కాగితం, పెన్నూ పట్టుకుని డిపోకు వచ్చాడు.

"క్షమించండి అంకుల్."

"క్షమాపణ నాకెందుకు? అచ్చులో తప్పు రాశావు, అచ్చులోనే దిద్దు."

"మీరే చెప్పండి, రాసుకుంటాను. ఏడోది ఎలా రాయమంటారు?"

"పాస్‌పోర్టు పోతే చెత్తడబ్బాలో దిగి వెతకాలి. పోగొట్టుకున్నవాళ్లే దిగాలి."

"తొమ్మిదోది?"

"అది నువ్వే ఆలోచించుకో. చదువుకున్నవాడివి కదా."

కుర్రాడు అక్కడే ఏదో రాసుకుని వెళ్లాడు. వారం తిరక్కుండా పత్రిక మళ్లీ వేశారు. జరిగిందంతా ఆ పిల్ల పేరుతోనే ఉంది, తనే పెట్టమందట. మేడమ్ కింద నాలుగు వాక్యాలు సంజాయిషీ రాసింది. కొత్త కాగితం చదువుకునే రెండో బ్యాచ్ వెళ్లింది. ఐదూ నాలుగుకల్లా అందరూ బస్సులో ఉన్నారు. ఆ నాలుగు నిమిషాలకూ ఆయన మైకులో ఎనిమిది నిమిషాలు తిట్టాడనుకోండి, అది వేరే విషయం.

ఆ కాగితాన్ని కూడా కోడలే తెచ్చింది. ఈసారి ముందే రెండుసార్లు చదువుకుని తెచ్చింది. ఆయన చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని తనే చదివాడు. తొమ్మిదో చిట్కా దగ్గర మొహం ముడుచుకుంది.

"మళ్లీ ఏమైందండీ?" అంది భార్య.

"చూడు, 'బంగారంలాంటి మనసున్న మా డ్రైవరు అంకుల్' అట! నా మనసు సంగతి వీళ్లనెవరు అడిగారు? ఈ ముక్క రాసిన చోట గేటు మూసే టైము రాసి ఉంటే పదిమందికి పనికొచ్చేది కదా!"

మర్నాడు పొద్దున్నే, డ్యూటీకి వెళ్తూ దారిలో, ఆ మాట చెప్పడానికి మళ్లీ కాలేజీకి వెళ్లాడు.