మోగని పంపు

మా ఆయన్ని ఈ వీధిలో అందరూ చెవి మేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు, బానెట్ ఎత్తకుండానే చప్పుడు విని కారు జబ్బేమిటో చెప్పేస్తాడని. స్టార్ట్ కావట్లేదని ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే: "టక్కుమంటోందా, టకటకమంటోందా?" టకటకమంటే బ్యాటరీ నీరసించినట్టు. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే స్టార్టర్ మోటారు పని అయిపోయినట్టు. పెద్ద పెద్ద మనుషులు మా షెడ్డులో నిలబడి నోటితో ఆ చప్పుళ్లు చేసి చూపిస్తుంటే నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని.

కొన్నాళ్లుగా ఆ నవ్వు పోయింది. పిలిస్తే ఆయన ఉలకడు, పలకడు. మొదట పొగరనుకున్నాను. పెళ్లాం మాట వినపడకపోవడం మొగుళ్లకు కొత్త జబ్బేం కాదుగదా! పోట్లాడాను, మూతి ముడుచుకున్నాను. కానీ ఒకరోజు సైకిలువాడు వీపు వెనకే బెల్లు కొడుతున్నా పక్కకు తప్పుకోకపోయేసరికి నా గుండె జారింది. ఆయనకు వేరే పని రాదు. ఆ చెవే మాకు అన్నం పెడుతోంది. అది పోతే షెడ్డు మూసుకోవాల్సిందే. అడుగుదామంటే నోరు రాలేదు.

మొన్న ఉదయం టైలరు తన పాత కారును ఎవరిచేతనో తోయించుకుంటూ వచ్చాడు. వెనక సీటు నిండా కుట్టిన బడి యూనిఫాంలు.

"నిన్నటిదాకా శుభ్రంగా తిరిగింది మేస్త్రీ. ఇవాళ ఎంత తిప్పినా కర్రుకర్రుమంటోందే గానీ అందుకోవట్లేదు," అన్నాడు ఎదురుగా నిలబడి గట్టిగా.

"ఇంజిన్ తిరుగుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే. ఇక పెట్రోలన్నా అందట్లేదు, నిప్పురవ్వన్నా పడట్లేదు," అన్నాడు మా ఆయన. యూనిఫాంలు బల్ల మీదికి చేర్చి, వెనక సీటు ఎత్తి, దాని కిందున్న పెట్రోలు ట్యాంకు మీదికి వంగాడు. "ఏమే, తాళం సగం తిప్పు."

తాళం సగం తిప్పగానే ట్యాంకులోని పంపు జుయ్యిమని ఒక్క క్షణం మోగి ఆగాలి. తిప్పాను. జుయ్యిమంది. నాకు చక్కగా వినిపించింది.

"మళ్లీ తిప్పు."

మళ్లీ మోగింది.

"మోగట్లేదు. పంపు పోయింది," అన్నాడు.

"మోగిందండీ," అన్నాను. ఆయన తల ఎత్తలేదు. టైలరు నావైపు చూసి నవ్వాడు. "ఊరుకో అక్కా, మేస్త్రి చెవికి తెలీనిది మనకు తెలుస్తుందా?" పదిమందిలో మొగుడి పరువు తీయడమెందుకని నోరు మూసుకున్నాను.

ఆయన విడిభాగాల కొట్టుకు వెళ్లి కొత్త పంపు తెచ్చి బిగించాడు. కారు స్టార్ట్ కాలేదు. మళ్లీ నాచేత తాళం తిప్పించి చెవి దగ్గరగా పెట్టాడు.

"ఇదీ మోగట్లేదు! చచ్చు సరుకు అంటగట్టాడు వెధవ. ఉండు, వాడి సంగతి తేలుస్తా," అంటూ రెంచీ పట్టుకుని లేచాడు. నిజంగానే వెళ్లి కొట్టువాడి చొక్కా పట్టుకునేలా ఉన్నాడు. ఇక నావల్ల కాలేదు. టైలరును తాళం తిప్పమని, నేను ఆయన మణికట్టు పట్టుకుని లాగి, అరచేతిని పంపు మూత మీద అదిమిపెట్టాను.

పంపు మోగింది. ఆయన చేతి కింద సన్నగా వణికింది.

ఆయన నా మొహంలోకి చూశాడు. అంత బెదురు చూపు నేను ఆయనలో ఎన్నడూ చూడలేదు. "ఇంకోసారి," అన్నాడు నెమ్మదిగా. ఇంకోసారి వణికింది.

రెంచీ కింద పెట్టి, "పాత పంపు కూడా మోగే ఉంటుంది. పొరపాటు నాది," అని టైలరుకు చెప్పాడు. పాతదే మళ్లీ బిగించి, ఈసారి చేత్తో తాకి చూసుకున్నాడు. ప్లగ్గు వైరు ఊడదీసి చూస్తే నిప్పురవ్వ పడటం లేదు. రవ్వ పుట్టించే కాయిల్ మార్చాడు. కారు మొదటి తిప్పుకే అందుకుంది.

"చెవి మేస్త్రా మజాకా!" అంటూ టైలరు యూనిఫాంలు సర్దుకుని ఆనందంగా వెళ్లిపోయాడు. పాపం, అతనికేం తెలుసు.

మా ఆయన పాత టైరు మీద కూలబడ్డాడు. నేను ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా అడిగాను. "ఎన్నాళ్లయింది?"

"ఏమో. నాకు తెలీలేదే."

"నేను పిలిస్తే పలకనప్పుడన్నా అనుమానం రాలేదా?"

"నువ్వు పిలిచేదానివా?" అన్నాడు. చేతులకంటిన గ్రీజును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. "ఆమధ్య పోట్లాడావుగా. ఆ కోపంతో నన్ను పిలవడమే మానేశావనుకున్నా. అడిగితే మళ్లీ గొడవవుతుందని ఊరుకున్నా."

ఆయన ఎదుటే భోరున ఏడ్చేశాను.