ఎంగిలి పాట

లాల్ బీ కోస్గిలో గాజులు అమ్మేది. పీర్ల పండుగ వస్తే గాజుల బుట్ట ముట్టేది కాదు. అలావా గుండంలో నిప్పులు రాజుకోగానే, చుట్టూ తిరిగే ఆడవాళ్ళకు ముందుండి కర్బలా యుద్ధంలో చనిపోయిన హుసేను కోసం తల్లి ఏడ్చే పాట ఎత్తుకునేది. అత్త నేర్పిన పాట. ముందు నోరు పుక్కిలించాలి. ఎంగిలి నోట ఆ పాట రాకూడదు.

1989లో ఆమె గొంతు పూడుకుపోసాగింది. పాట మొత్తం మరెవరికీ రాదు. నేర్చుకునే ఓపికా ఎవరికీ లేదు.

"పట్నంల క్యాసెట్ చేపిద్దామక్కా, పాట బతుకుతది" అన్నాడు డప్పు కొట్టే గుర్వయ్య.

స్టూడియో ఉన్నది వెనకట పెద్ద గాయకులు రికార్డులిచ్చిన గల్లీ అని బస్సులో దారంతా చెప్పాడు. తీరా చూస్తే మురుగు మోరీ పొంగి మెట్లెక్కింది. గోడలంతా పాన్ ఉమ్ములు. దుకాణాల స్పీకరు డబ్బాలు పాట మీద పాట కక్కుతున్నాయి. పాత రికార్డులను వేడి చేసి గిన్నెలుగా వంచి, వాటిలో పల్లీలు పోసి అమ్ముతున్నారు.

"గిదేనా పెద్దోళ్ళు పాడిన జాగా?" అంది లాల్ బీ.

"గప్పుడు గిట్ల లేకుండె గావచ్చు."

"ముక్కు మూసుకొని నడువు. పాడేది నోటితోనే గద."

స్టూడియో సేటు బుగ్గన గుట్కా పెట్టుకొని విన్నాడు.

"మంచిగుందమ్మా. గని గింత ఏడుపు ఎవరు కొంటరు?"

"సచ్చింది ఎవరో ఎర్కేనా?"

"ఎర్కే. అయినా జర హుషారుండాలె."

ఇద్దరు అమ్మాయిలను పిలిచాడు. చరణం చివర హోయ్ హోయ్ అనమన్నాడు. వాళ్ళకు చూపడానికి మొదటి చరణం తనే పాడాడు. మైకు మీద ఎర్రటి తుంపర పడింది.

"నోరు పుక్కిలించుకో బిడ్డా" అంది లాల్ బీ.

"మజా పోతదమ్మా" అని నవ్వాడు.

ఆమె లేచింది. గుర్వయ్య గొంతు తగ్గించి, "నువు పోతే పాట పోతదక్కా" అన్నాడు.

ఆమె కూర్చుంది. పాడింది. తుంపర పడ్డ మైకులోనే.

మరుసటి పీర్లకు పోరగాళ్ళు అలావా దగ్గర టేపురికార్డరు పెట్టారు. లాల్ బీ గొంతు ఏడ్చింది. చరణం చివర హోయ్ హోయ్. విని విని, తిరిగే ఆడవాళ్ళు పాట మొత్తం నేర్చుకున్నారు, దానితో సహా.

గుర్వయ్య టేపు ఆపి క్యాసెట్ బయటికి తీశాడు. "అలావల ఏసి కాలవెడ్తనక్కా."

"అలావలనా? గా ఎంగిలిదాన్నా?"

లాక్కొని మోరీలో విసిరింది. చెంబెత్తి పక్కకు పోయి పుక్కిలించింది. వచ్చి, మిగిలిన గొంతుతో మొదటి చరణం ఎత్తుకుంది.

హోయ్ హోయ్, అన్నారు వెనక నుంచి.

లాల్ బీ ఆగింది. మళ్ళీ చెంబు అందుకుంది.