రమణమ్మ ఉపవాసం

రెండువేల పంతొమ్మిది, మే నెల. దుత్తలూరు దాటి లోపలికి పోయే మట్టిరోడ్డు పక్కన, ఊరికి అర కిలోమీటరు ఎడంగా మా ప్రార్థన మందిరం. పైన రేకులు, కింద నాపరాళ్ళు. ఆ రోజు శుక్రవారం, ఫాస్టింగ్ ప్రేయర్. అంటే పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం మూడు వరకు పస్తుండి చేసే ప్రార్థన.

నేను బైబిల్ ఉమెన్‌ని. పాస్టరును కాను. ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ కష్టం విని, వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చే మనిషిని. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఇరవై రెండేళ్ళు తిరిగాను. చదువు ఐదో తరగతితో ఆగింది కాబట్టి పేర్లు రాసుకునే అలవాటు లేదు. తెల్లవారక ముందే మోకాళ్ళూని, బస్సు ఆగే వరసలో ఒక్కో ఊరునూ తలుచుకుంటాను. ఏ ఊళ్ళో ఎవరికి జ్వరం, ఎవరింట్లో తగువు, అన్నీ వాటంతటవే వస్తాయి. నాకు ఈ పని నేర్పిన ఉదయగిరి అవ్వ, "మోకాళ్ళకు దుమ్ము అంటకుండా చెప్పులకు దుమ్ము అంటించుకోబాకమ్మా" అనేది. ఆ మాట నేను ఏనాడూ తప్పలేదు.

రమణమ్మ ఆ ఊళ్ళో చిల్లర అంగడి శెట్టిగారి భార్య. బాప్తిస్మం తీసుకున్న మనిషి కాదు. ఇంట్లో వాళ్ళ పూజలు వాళ్ళవి. నెల్లూరులో ఉన్న ఆమె కూతురికి ఎనిమిదో నెల నడుస్తోంది. బీపీ పెరిగిందని మంచం దిగవద్దన్నారు. బుధవారం నేను అంగడి ముందు నుంచి పోతుంటే రమణమ్మ పిలిచింది.

"అక్కా, శుక్రారం నేనూ వస్తా. నా బిడ్డ కోసం పస్తుంటా."

"మీ ఆయన ఏమంటాడో?"

"అదిగో, వింటానే ఉండాడు. అడుగు."

శెట్టిగారు పొట్లం కడుతూ తలెత్తకుండా అన్నాడు: "నా బిడ్డ బాగుంటే చాలు, ఏ దేవుడైతే ఏంది. దీనికి షుగరు ఉండాది. అదొక్కటి చూసుకోండమ్మా."

"మందు మాత్రం ఆపబాక రమణమ్మా. మాత్ర వేసుకునే రా" అన్నాను నేను.

ప్రార్థన పేరు చెప్పి మందులు మానేసేవాళ్ళను చాలామందిని చూశాను. అలా మానవద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పేదాన్ని. ఇక్కడా చెప్పానని, చెప్పాల్సింది అంతేనని అనుకున్నాను.

శుక్రవారం రెండు గంటలు దాటింది. రేకుల కింద ఉడికిపోతున్నాం. ముప్ఫై మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. సంఘ పెద్ద ప్రకాశం అన్న పాట అందుకున్నాడు. నా పక్కన కూర్చున్న రమణమ్మ వణకడం మొదలుపెట్టింది. జాకెట్టు తడిసిపోయింది. నోట్లో ఏదో గొణుగుతోంది, మాట తెలియడం లేదు.

"ఆత్మ దిగింది ఈమె మీద" అని వెనక నుంచి ఎవరో అన్నారు. చప్పట్లు పెరిగాయి. ప్రకాశం అన్న గొంతు పెంచాడు. దాచుకోకుండా చెప్తున్నాను, నేనూ అదే అనుకున్నాను. మొదటి ఉపవాసంలోనే ఈమెకు ఇంత కృపా అని కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాను. ఆపైన, "ప్రభువా, ఈమెకు ఏం కావాలో నాకు చూపించు" అని అడిగాను.

అప్పుడు ఆమె చెయ్యి జారి నా చేతి మీద పడింది. చల్లగా ఉంది. ఆ ఎండలో, ఆ రేకుల కింద, బావిలోంచి తీసినట్టు చల్లగా, తడిగా. కళ్ళు తెరిచాను. మాత్ర వేసుకుని అన్నం ఆలస్యమైన రోజు మా అత్త చెయ్యి అలాగే ఉండేది.

"పాట ఆపన్నా."

"ఆత్మ పని జరగతా ఉంటే ఆపుతారా?" కళ్ళు తెరవకుండానే అన్నాడు ప్రకాశం అన్న.

"ఇది షుగరు పడిపోవడం. ఆపు."

ఎవరూ వినలేదు. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి. ఇక నాకు తోచింది ఒక్కటే. గొంతెత్తి "ఆమెన్" అన్నాను. అలవాటుగా అందరూ "ఆమెన్" అనేశారు, పాట ఆగిపోయింది.

"రమణమ్మా, పొద్దున ఏమన్నా తిన్నావా?"

నాలుక మడతపడుతోంది. "మాత్ర... వేసుకున్నా. నువ్వే కదక్కా... ఆపబాక అన్నావు."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కాని కూర్చుని ఏడవడానికి అది సమయం కాదు. ఒకామె 108కి ఫోన్ చేసింది. ఇంకొకామె చక్కెర కోసం ఊళ్ళోకి పరుగెత్తింది. పస్తున్న మనుషుల దగ్గర తినేది ఏముంటుంది? మందిరంలో తీపి ఉన్నది ఒక్కచోటే, బీరువాలో. ఆదివారం ప్రభువు బల్ల కోసం, అంటే బాప్తిస్మం ఉన్నవాళ్ళకు రొట్టెతో పాటు పంచడానికి, ప్రకాశం అన్న నల్లద్రాక్షలు ఉడికించి, చక్కెర వేసి చేసిన రసం. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది.

"తాళం ఇయ్యన్నా."

"అది బల్ల రసమమ్మా. బాప్తిస్మం లేని మనిషికి ఎట్టా ఇచ్చేది?"

"ఇంకా బల్ల మీదికి పోలేదు కదా. ఇప్పుడది పండ్లూ చక్కెరా."

"రేపు పాస్టరు అడిగితే?"

"పాస్టరుకు నేను చెప్పుకుంటా. ఈమె పోతే శెట్టికి ఎవరు చెప్తారు, నువ్వా?"

రమణమ్మ తల నా భుజం మీదికి వాలింది. అది చూసి ప్రకాశం అన్న లేచాడు. తొందరలో తాళంచెవి బెజ్జంలోకి పోవడం లేదు. "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు. తాళం తెరుచుకుంది.

ముందు వేలు ముంచి పెదవి లోపల రాశాను. నాకింది. మింగగలదని తెలిశాక, బల్లకు వాడే చిన్న గిన్నెలతోనే గుక్క గుక్కగా పట్టాను. నాలుగో గిన్నెకు కూడా చూపు నిలవలేదు. ఏడో గిన్నె అయ్యాక కాసేపటికి నన్ను గుర్తుపట్టింది.

"ఏందక్కా ఇది, ఇంత తీపి?"

"చక్కెర ఎక్కువేస్తానని నెలనెలా నన్ను తిట్టేవాళ్ళే" అంటూ ప్రకాశం అన్న కింద కూలబడ్డాడు.

108లో ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆ మాత్ర బలం ఇంకా ఉంటుందని, షుగరు మళ్ళీ పడవచ్చని మర్నాటి దాకా ఉంచుకున్నారు. "ఖాళీ కడుపున మాత్ర ఎవరు వేసుకోమన్నారు?" అని డాక్టరు అడిగాడు.

"నేనే సార్."

శెట్టిగారు మంచం పక్కనే ఉన్నాడు. "చూసుకోమని చెప్పినా కదమ్మా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

తర్వాతి శుక్రవారం తెల్లవారుజామున మోకాళ్ళూనితే రమణమ్మ ఊరి దగ్గర నా వరస ఆగిపోయింది. ముందుకు పోలేకపోయాను. అయినా బస్సెక్కాను. మందిరం గుమ్మంలో శెట్టిగారు బెల్లం డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇది మీ దేవుడికి కాదు, షుగరోళ్ళకి. గూట్లో పెట్టండి. బీరువాలో పెట్టి తాళం ఎయ్యబాకండి."

నెల తిరక్కుండా కూతురు క్షేమంగా ప్రసవించింది. ఇప్పుడు నేను ఎవరి కోసమైనా ప్రార్థనకు కళ్ళు మూసుకునే ముందు, "తిన్నావా? మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. ప్రార్థన లేకుండా ఈ పనిలో నేను ఒక్క గడప కూడా దాటలేను, ఆ నమ్మకం ఇప్పటికీ తగ్గలేదు. కాని ఆ రోజు "నాకు చూపించు" అని అడిగానే, దానికి జవాబు బుధవారమే వచ్చింది. అంగట్లో పొట్లం కడుతున్న మనిషి నోట వచ్చింది కాబట్టి నేను వినలేదు.