వైరుకు విడిచిన బాట

మా అత్తగారింటి మందకు ఒక బాట ఉండేది. సూర్యాపేట దాటి కోదాడ పోయే సడక్ మీద మా ఇల్లు. సడక్ అవతల రెండు చెల్కల, అంటే మెట్ట చేన్ల, నడుమ నుంచి వాగు దాకా పోయే నేల పట్టె అది. గొర్రెలు నీళ్లకు పోవాలంటే అదే దగ్గరి దారి. సర్కారుది కాదు, ఊరిది కాదు, మాది. మాదంటే కాగితం మీద కాదు. మా మామ ఏటా ఎండాకాలం ఆ చెల్కల్లో మందను పడుకోబెట్టి ఎరువు ఇచ్చేవాడు. బదులుగా ఆ చెల్కలు గల ఆసామి ఆ పట్టెను దున్నకుండా వదిలేశాడు. షరతు ఒక్కటే, మంద నడుస్తూ ఉండాలి. ఏడాది పాటు నడవకపోతే బాట చెల్కలో కలిసిపోతుంది. ఆ చుట్టుపక్కల మందల బాటలన్నిటికీ అదే కట్టుబాటు.

నేను ఆ ఇంటికి వచ్చేసరికి మామ లేడు. నా మొగుడు మిర్యాలగూడలో మిల్లు హమాలీకి పోయి, పండుగకో పబ్బానికో ముఖం చూపించేవాడు. మిగిలింది మా అత్త, నేను, గొర్రెలు. గొర్రెలు కాచేవాడికి తీరిక ఎక్కువ అని ఊళ్లో అనుకుంటారు. అన్నవాళ్లను ఒక్క ఎండాకాలం మా అత్త వెనుక నడిపించాలని నాకు చాలా కోరికగా ఉండేది.

రజాకార్ల గడబిడ అణిగి మిలిట్రీ వచ్చిన మరుసటేడు, వాగు ఒడ్డున దవాఖాన కట్టారు. మా ఇంటి పక్కన బియ్యం మిల్లులో ఇంజను ఉంది, దానికి కరెంటు పుట్టించే మిషను ఉంది. అక్కడి నుంచి దవాఖానకు దీపాలు ఇవ్వాలన్నారు. స్తంభాలు పాతడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. అంతకు ముందు రెండు మూడేళ్లు సడక్ పక్క తంతి స్తంభాలు తెల్లారేసరికి నేలమీద పడి ఉండేవి. ఎవరు నరికారో అందరికీ తెలుసు, అడిగితే ఎవరికీ తెలియదు. అందుకని వైరును భూమిలోనే పాతిపెడతామన్నారు. పని చేయించే సర్కారు ఓర్సీరు వచ్చి ఆసామిని అడిగితే, ఆ పట్టె వాళ్లది, వాళ్లనే అడగమని మా ఇల్లు చూపించాడట.

సర్కారు మనిషి వచ్చి మా అత్తను ఒక మాట అడగడం అదే మొదలు. ఆమె కొంగు సర్దుకుని నిలబడింది.

"అవ్వా, మీ బాట కింది నుంచి వైరు పోనిస్తరా? దవాఖానకు లైటు కావాలె."

"కిందికెల్లి పోతదా? పైన నా గొర్లు నడువొచ్చా?"

"బేఫికర్ నడువనియ్. జర నేల గట్టిపడనియ్యి, అంతే."

"దవాఖానల దీపమంటే వద్దంటమా సారూ. తవ్వుకోర్రి. మీ వైరును నేను సూసుకుంట."

నేను పక్కనే మూతి ముడుచుకుని ఉన్నాను. తవ్వుకోమంటే చాలదా, కాపలా కూడా మనమే కాయాలా అనుకున్నాను. కానీ ఆమె ముఖంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాను.

కూలీలు కందకం తవ్వారు, నల్లటి లావు వైరు పరిచారు, మట్టి కప్పి పోయారు. 'జర నేల గట్టిపడనియ్యి' అన్న ఆ మాటను మా అత్త పట్టుకుంది. మంద నడిస్తే డెక్కలు మట్టిని లాగేస్తాయి, వైరు బయట పడుతుంది అంది. ఆ రోజు నుంచి మందను మోతె ఊరి దిక్కు పోయే బండ్ల దారిన చుట్టూ తిప్పి వాగుకు తోలుకుపోయాం. పోయేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చేది, తిరిగొచ్చేసరికి మోకాళ్లు మావి కావు. దారి పొడుగునా పక్క చేన్లవాళ్ల తిట్లు. గొర్రె నోరు ఊరుకుంటుందా? ఇంటికొచ్చి జొన్న గట్కకు ఎసరు పెట్టే ఓపిక కూడా ఉండేది కాదు. అన్నం లేకపోయినా సరే, పడుకుంటే చాలనిపించేది.

"అత్తా, గాయిన జర అన్నడు, జన్మంతా అనలె," అనేదాన్ని.

"మాటిచ్చిన బిడ్డా. నేల కూసోనియ్."

వానలు పడ్డాక కందకం మీది మట్టి కుంగింది. ఆమెకు ఇంకా భయం పట్టుకుంది. చుట్టుపక్కల నుంచి తట్టలతో మట్టి మోసి మేమే పోశాం. చలికాలం పోయేదాకా అదే తిరుగుడు. కట్టుబాటు మా ఇద్దరికీ తెలుసు. కానీ తవ్వింది సర్కారు కదా, ఈ ఏడు లెక్కలోకి రాదనుకున్నాం. ఆ మాట ఆసామిని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఏడాది నిండిన కొన్నాళ్లకు, ఒక పొద్దున బాట మీద నాగలి కనిపించింది. నేను సడక్ దాటి ఉరికాను, నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆసామి ఎద్దులను ఆపి, నన్ను కాదు, వెనక వస్తున్న మా అత్తను చూశాడు.

"మంద నడువలే గద అక్కా. మోతె దిక్కోళ్ల మంద ఒక ఏడు రాలేదనే గద, నీ పెనిమిటి గూడ దాన్ని మళ్ల ఈ బాటల అడుగు పెట్టనియ్యలె."

అది నిజమే. మా అత్త తల దించుకుంది. నాలాగా అరిచి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది.

సగం దున్నాడో లేదో, మిల్లు దగ్గర నుంచి ఓర్సీరు పరుగెత్తుకొచ్చాడు. వైరు తెగితే జైలుకే అన్నాడు. ఆసామి నాగలి ఎత్తేశాడు. రెండు కొసలా రాళ్లు పాతించారు. బాట ఎంత వెడల్పో, అచ్చం అంత పట్టె మళ్లీ దున్నకుండా మిగిలింది. అయితే ఇప్పుడది వైరుది. మా బాట మాకు ఇప్పించమని ఓర్సీరును బతిమాలాను.

"గది మీ ఇద్దరి ముచ్చట. నాకు వైరుతోనే పని," అన్నాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. నా ఏడుపూ అదే. మొత్తం దున్నేసి ఉంటే మరిచిపోయేదాన్ని. రోజూ వాకిలి ఊడుస్తూ ఆ ఖాళీ పట్టెను చూడాల్సి వచ్చింది. దవాఖానలో దీపం వెలిగింది. దాని మీద నాకు కోపం లేదు. కానీ వెలిగినప్పుడల్లా కాళ్లు గుంజేవి.

మరో ఎండాకాలం చుట్టూ తిరిగే సత్తువ మాకు లేదు. కోదాడ దగ్గర అనంతగిరిలో మా అత్త తమ్ముడు ఉన్నాడు. మందను అతనికి అప్పజెప్పాలని ఆమే తేల్చుకుంది. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట విని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

పోయే రోజు దొడ్డి తడిక తీశాం. ముందు నడిచే ముసలి గొర్రె సడక్ ఎక్కింది. కోదాడ దిక్కు తిరగకుండా, నేరుగా సడక్ దాటి రాళ్ల నడుమ నుంచి పట్టెలోకి దిగింది. దాని వెనక మందంతా. ఆసామి చేన్లో నిలబడి చూస్తున్నాడు. అడ్డం రాలేదు, ఒక్క మాట అనలేదు.

"అత్తా, పోనియ్యి," అన్నాను. "మంద నడిసింది. గాయిన సుత ఏమనలే. బాట మళ్ల మనదే."

ఆమె అప్పటికే ఉరుకుతోంది. చేను గట్టు మీదుగా ముందుకు పోయి, కట్టె అడ్డం పెట్టి మందను తిప్పింది. ముసలి గొర్రె తిరగలేదు. వాగు దిక్కే నెట్టుకుంటూ పోబోయింది. మా అత్త దాని ముఖం మీద కొట్టింది. గొర్రె మీద ఆమె చెయ్యి లేవడం నేను చూసింది అదే మొదలు.

"ఇడిసిన బాట మనది కాదు," అంది నాతో, రొప్పుతూ.

మందను మళ్లీ సడక్ మీదికి ఎక్కించాం. అక్కడ ఆమె గొర్రె ముందు కూర్చుని, దెబ్బ తగిలిన చోట కొంగుతో తుడిచింది.

"నువ్వు మర్శిపోలే తల్లీ," అంది.

తర్వాత లేచి, కోదాడ దిక్కు నడిచింది.