తలకిందులుగా వచ్చిన మబ్బు పటం

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా మిద్దె మీద వెదురు బొంగుకు కట్టిన అల్యూమినియం గొట్టాలు ఉండేవి. అది మా పెద్దనాయన సొంతంగా చేసుకున్న ఏరియల్. చూసినవాళ్లు బట్టలు ఆరేసుకోవడానికి అనుకునేవారు, మా పెద్దమ్మ నిజంగానే ఆరేసేది. పెద్దనాయన హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. బడిలో పిల్లలు మిగిల్చిన ఓపికంతా ఆ గొట్టాలకే పెట్టేవాడు.

వాతావరణ ఉపగ్రహం మా మీదుగా పోయే కాసేపూ ఏరియల్‌ను దాని వైపు తిప్పుతూ ఉండాలి. కింద గదిలో రేడియో, గడియారంలా టిక్కు టిక్కుమనేది. తిరిగే డబ్బాకు చుట్టిన కాగితం మీద ఒక సూది ఆ చప్పుడుకు తగ్గట్టు గీతలు కాలుస్తూ పోతే చివరికి మబ్బుల పటం వచ్చేది. పటమంటే ఊళ్లూ పేర్లూ ఉండవు, బూడిద మరకలే. మాకు అందులో ఏమీ కనిపించేది కాదు. ఆయనకు మాత్రం సముద్రాలు కనిపించేవి.

అది వరి కోతల కాలం. మా చేను పక్కనే ఒక అక్క కౌలుకు చేసుకునేది. భర్త పోయాక ఒంటి చేత్తో పండించిన మొదటి పంట అది. ఆ వడ్లు ఇంటికొస్తేనే ఆమెకూ పిల్లలకూ ఏడాది తిండి. కోసిన పనలు చేలోనే పరిచి ఉన్నాయి. ఆరకముందే కుప్ప వేస్తే లోపల ఉడికిపోతాయి, ఆరేదాకా వదిలేస్తే వాన తగిలి మొలకెత్తుతాయి. తుఫాను ఉందని అందరూ అంటున్నారు. ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఆదివారం చర్చి అయ్యాక అక్క మా గడప దగ్గరికి వచ్చి, పటం చూసి చెప్పమని అడిగింది.

ఆ వారమంతా పెద్దనాయనకు పరీక్ష పేపర్లు, రాత్రిళ్లు ఉబ్బసం. కళ్లు గుంటలు పడ్డాయి. అయినా మధ్యాహ్నం మిద్దె ఎక్కి పటం పట్టాడు. మబ్బంతా ఎడమ పక్కన, అంటే పడమటి సముద్రం మీద ఉంది, మనకు భయం లేదన్నాడు. ఆ మాట అక్కకు చెప్పడానికి నేనే పరుగెత్తాను. ఆమె కుప్పకు పిలిచిన కూలీలను రేపు రమ్మని పంపేసింది. వాళ్లు ఇంకొకరి చేనికి వెళ్లిపోయారు.

పొద్దు వాలుతుండగా పెద్దనాయన ఆ పటం ముందు ఊరికే నిలబడి ఉన్నాడు. అందులో కింద ఉండాల్సిన శ్రీలంక పైన ఉంది. పొద్దున వచ్చే ఉపగ్రహం ఉత్తరం నుంచి దిగుతుంది, మధ్యాహ్నంది దక్షిణం నుంచి ఎక్కుతుంది. అందుకే మధ్యాహ్నం పటం తలకిందులుగా వస్తుంది, దాన్ని ఎప్పుడూ తిప్పి చూసేవాడు. ఆ రోజు అలసటలో తిప్పడం మరిచాడు. తిప్పితే మబ్బు కుడి వైపుకు, మన బంగాళాఖాతంలోకి వచ్చింది. ఆయన వెంటనే చెప్పులు వేసుకున్నాడు.

నన్ను వెంటబెట్టుకుని చేను దాకా నడుస్తూ మూడు చోట్ల ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. దారిలో టీ బంకు దగ్గర నిలబడి, తుఫాను మన వైపేనని అందరికీ చెప్పాడు. "ఏందీ సారూ, మద్దేనం ఒక మాట, సందేళకు ఒక మాటా?" అని ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

చేలో అక్కకు చెబితే ఆమె నవ్వలేదు. "కూలోళ్లు పోయినారు సారూ. ఇప్పుడు యాడ తెచ్చేది?" అంది.

"పటం తలకిందులుగా చూసినా తల్లీ. తప్పు నాది. కుప్ప మేమే వేస్తాం," అన్నాడు ఆయన.

మా నాయన, పెద్దమ్మ, నేను, అక్క, ఆ ఉబ్బసం మనిషి, అందరం కలిసి చీకటి పడేలోపు పనలు మోసి కుప్ప వేశాం. వరి గరుకుకు నా చేతులు మండిపోయాయి. ఆయన రొప్పు వింటుంటే ఏడుపొచ్చింది.

వాన రాలేదు. తుఫాను పైకి, ఎటో కోస్తా మీదికి పోయింది. మర్నాడు ఎండ కాసింది. పచ్చి పనలు ఉడికిపోతాయని అక్క ఆ కుప్పను ఒంటరిగా విప్పి మళ్లీ ఆరబెట్టుకుంది. పెద్దనాయన మంచం పట్టాడు. పెద్దమ్మ కషాయం ఇస్తూ సణుగుతూనే ఉంది.

నాకూ కోపమొచ్చింది. "ఊరకుండింటే సరిపోయేది కదా పెద్దనాయనా?" అన్నాను.

"వాన రాకపోతే ఏమి? నేను చెప్పింది తప్పే కదా," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన లేచి తిరిగిన రోజు అక్క మళ్లీ గడప దగ్గరికి వచ్చింది. ఎండకు ముఖం నల్లబడి ఉంది, చేతుల నిండా గీట్లు. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. "రేపు కళ్లం చేసుకుంటాండా సారూ. ఒకసారి పటం చూసి చెప్పు," అంది. పెద్దనాయన తల ఎత్తలేదు. "తప్పైతే వచ్చి చెప్తావులే," అంది.

తర్వాత నంద్యాల ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేస్తూ నా ఉద్యోగం గడిచింది. తప్పుగా చెప్పిన ఫలితం సరిదిద్దడానికి సాయంత్రం పూట ఒకరి ఇంటికి తిరిగి వెళ్లాల్సిన రోజులు కొన్ని వచ్చాయి. ఒక్కరోజు కూడా వెళ్లాలనిపించలేదు. కాళ్లు పీకేవి, పొద్దున చెప్పొచ్చులే అనిపించేది. అయినా వెళ్లాను. ఇప్పుడు రిటైరయ్యాక కూడా, ఎవరికైనా ఏదో పొరపాటుగా చెప్పానని తెలిస్తే కూర్చున్నచోట కుదురు ఉండదు. ఇంతకాలం చేసినా తలుపు కొట్టేటప్పుడు సిగ్గుగానే ఉంటుంది. పెద్దనాయనకు అది తేలికైన పని అని చాలాకాలం అనుకున్నాను. ఆయనకూ సిగ్గుగానే ఉండి ఉంటుంది.