ఆ తల్లిని మేం అడగని ప్రశ్న

మొన్న ఆదివారం మనవరాలి తల దువ్వుతూ పేలు కనబడ్డాయని మా కోడలు కొంపలు మునిగినట్టు కేక పెట్టి, పక్క వీధి మందుల షాపు నుంచి ఒక చిన్న సీసా తెచ్చింది. నేను ఆ సీసా లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, దాని మీది అక్షరాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివి, మూత తీసి వాసన చూసి, అప్పుడు గానీ పిల్ల తలకు పట్టించనివ్వలేదు. అత్తకు చాదస్తం ముదిరిందని కోడలు నవ్వుకునే ఉంటుంది. నవ్వుకోనీ, ఆమెకు నా ఆళ్లగడ్డ రోజులు తెలియవు.

నర్సు చదువు అయిన కొత్తలో ఆళ్లగడ్డలో ఒక డాక్టరుగారి చిన్న ఆసుపత్రిలో కుదిరాను. సోమవారం పొద్దున్నే మా నాయన నంద్యాలలో బస్సెక్కిస్తే మళ్ళీ శనివారం సాయంత్రానికే ఇల్లు చేరేదాన్ని. ఆరు మంచాలు, సూదులు మరగబెట్టే ఒక కిరసనాయిలు స్టవ్వు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు, అదీ మా వైభవం. అయినా ఆ వయసులో ఆ తెల్లబట్టలు వేసుకుని బస్టాండు నుంచి నడిచి వస్తుంటే ఊరంతా నన్నే చూస్తున్నట్టుండేది. మీలో ఆ రోజుల్లో ఉద్యోగంలో చేరిన ఆడవాళ్ళకు ఆ గర్వం నేను చెప్పకుండానే తెలుస్తుంది.

పత్తి చేలకు మందు కొట్టే నెలల్లో మాకు తిండి తినే తీరిక ఉండేది కాదు. పురుగుల మందు తాగినవాళ్ళను కడుపునొప్పి అనో, గాలి సోకిందనో చెప్పి తెచ్చేవారు. పోలీసులొస్తారని, పరువు పోతుందని భయం. అందుకే డాక్టరుగారు నాకు మొదటి వారంలోనే ఒక వరస నేర్పారు. ముందు కంటిపాప చూడాలి, ఆవగింజంతకు ముడుచుకుపోయిందా అని. తర్వాత ఒళ్ళు, చెమటతో తడిసిందా, కండరాలు అదురుతున్నాయా అని. తర్వాత నోరు, చొంగ కారుతోందా, ఏదైనా వాసన వస్తోందా అని. వెంట వచ్చినవాళ్ళు చెప్పేది ఆఖరున వినాలి, అదీ సగమే నమ్మాలి. నేను ఆ ఆఖరి మాటను అన్నిటికంటే శ్రద్ధగా ఒంటబట్టించుకున్నాను.

ఒక మధ్యాహ్నం పదకొండేళ్ళ పిల్లను ఎద్దులబండి మీద తెచ్చారు. తండ్రి మందు కొడుతున్నవాడు కొడుతున్నట్టే చేలోంచి పరుగెత్తి వచ్చాడు, అతని చొక్కా నుంచి వచ్చే ఘాటుతో గదంతా నిండిపోయింది. పిల్ల కళ్ళు చూస్తే చెప్పనక్కర్లేదు. ఒళ్ళంతా చెమట, నోటి వెంట నురుగు, రొమ్ములో గురగుర. డాక్టరుగారు విరుగుడు సూది వేసి, కడుపు కడిగించి, తల్లిని నిలదీశారు.

"తాగింటే తాగిందని చెప్పు తల్లీ, నేనేం పోలీసోన్ని కాదు."

"నా బిడ్డ ఏం తాగలేదు సారూ, నా మీద ఒట్టు" అని ఆమె ఒకటే మాట. నేనూ ఊరుకోలేదు. పిల్ల ప్రాణం కంటే పరువెక్కువా అని, నాకంటే పదేళ్ళు పెద్దామెను అందరి ముందూ కసిరాను.

సూది వేస్తే పిల్ల తేరుకునేది. మేం ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ చొంగ, మళ్ళీ గురగుర, కంటిపాప మళ్ళీ ముడుచుకుపోయేది. మూడుసార్లు అలాగే అయింది. కడుపు కడిగిన నీళ్ళలో చూస్తే అన్నం మెతుకులే, మందు జాడ లేదు. సూదిమందు సీసాలు అయిపోవస్తున్నాయి. మిగిలినవాటిని డాక్టరుగారు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. తండ్రిని బయటికి పంపినా వాసన తగ్గలేదేమిటని అనుకుంటూ పిల్ల తల కిందకు దిండు సర్దబోయాను. నా చెయ్యి జిడ్డుగా తడిసింది. బిగుతుగా అల్లిన ఆ జడ దగ్గరికి ముఖం పెడితే అదే ఘాటు.

"తలకేం పూసినావమ్మా?"

"పేలు సావాలని రోంత పత్తి మందు నూనెలో కలిపి పూసినా. మా పక్క అందరూ పూస్తారు గదమ్మా! తలకు పూస్తే ఏమవుతాది?"

బనగానపల్లెలో పిల్ల మేనమామ పెళ్ళట. పిల్లకు పూలజడ వేయించాలని తల్లి ముచ్చట. పూలజడ కుట్టేవాళ్ళ ముందు పేలు కనబడితే నామోషీ అని పొద్దున్నే పూసి, గట్టిగా జడ అల్లి, కాసేపు గుడ్డ కట్టి ఉంచిందట. మేం ఇంతసేపూ కడుపు కడుగుతుంటే విషం నెత్తి మీద నుంచి దిగుతూనే ఉంది. నడుము దాటిన ఆ జడను నేనే కత్తిరించాను. బట్టలు విప్పి, సబ్బుతో తలా ఒళ్ళూ మళ్ళీమళ్ళీ కడిగాం. చేతికి తొడుగులేవీ ఉండేవి కావు, రెండు రోజులు నాకూ తల తిరిగింది. ఆ తర్వాత వేసిన సూది మాత్రం నిలిచింది. సాయంత్రానికి పిల్ల మంచినీళ్ళు అడిగింది.

ఆ రోజు నుంచి డాక్టరుగారు, ఎవరిని తెచ్చినా, ఏం తాగారని అడగడం మానేసి, పొద్దున లేచిందగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పమనేవారు. ఇంటికి పోయే రోజు, కత్తిరించిన తల మీద చెంగు కప్పిన పిల్లను చెయ్యి పట్టుకుని ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "నేను అబద్దం చెప్పలేదు గదమ్మా?" అంది. నేను దుప్పటి మడతపెడుతూ విననట్టు ఉండిపోయాను.

డాక్టరుగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు తలకు పూయడానికి వేరే మందులు, వాటి మీద చదువుకోడానికి అక్షరాలు, చదివే తల్లులూ ఉన్నారు. సంతోషమే. మొన్న మనవరాలి తల ఆరబెట్టి నా చేతులతో జడ అల్లుతుంటే నాకు ఆ తల్లి ముఖమే కనిపించింది. లేదమ్మా, నువ్వు అబద్ధం చెప్పలేదు, మేమే సరిగ్గా అడగలేదు. ఈ ఒక్క మాట ఆ రోజు నా నోటి నుంచి వచ్చుంటే ఎంత బాగుండేది.