సీసా మీద చీటీ

“సీసా అట్టుకొచ్చినోలెవులూ ఎనక్కి రానేదు బావూ. నువ్వూ ఆ గోత్రమేనా?”

జీడిపండు మెలితిప్పి పిక్క ఊడదీస్తూ అడిగింది జోగమ్మ. పలాస దగ్గర కొండవార తోటలో ఇరవయ్యేళ్లుగా ఆమె పని అదే. జీడిసొన తగిలి వేళ్ల కొసలు నల్లబడ్డాయి. స్పిరిట్ సీసా పక్కన పెట్టుకుని ఎదురుగా గొంతుక్కూర్చున్న మన్మథరావు కాలేజీలో ల్యాబ్ అటెండరు. బీరువాల దుమ్ము దులుపుతూ, ఆ పుస్తకాలే చదువుకుంటూ బల్లుల సంగతి వంటపట్టించుకున్న మనిషి.

ఈ కొండరాళ్ల మీద రెండు రకాల బల్లులున్నాయని రెండేళ్లపాటు నోటుబుక్కు నింపాడు: పసుపు తోకది ఒకటి, బూడిద తోకది ఒకటి. పోయిన ఏడాది, 2004 వేసవిలో, ఆ బొమ్మలు చూసి జోగమ్మ పకపకా నవ్వింది.

“ఓలమ్మ! పిల్లనొకటి, తల్లినొకటి అని రాసుకున్నావేటి? పిల్లప్పుడే పసుపు. పెద్దదయితే ఆ రంగు ఎల్లిపోద్ది.”

రెండూ ఒకటేనని తేలాక, ఆ ఒక్కటి ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పెదవి మీది పొలుసులు లెక్కపెట్టాడు, దేనితోనూ కలవలేదు. ఫొటోలు చూసిన పట్నం పరిశోధకుడు ఉత్తరం రాశాడు: కొత్త జాతే కావచ్చు, కానీ ఎదిగిన మగదాన్ని పోల్చి చూడందే పేరు పెట్టలేం. పట్టడానికి అనుమతి కాగితమూ వచ్చింది. మగవి ఏ నెర్రెలో ఉంటాయో మాత్రం, రోజూ ఆ రాళ్ల నీడన అంబలి తాగే జోగమ్మకే తెలుసు. ఆమె చెప్పడం లేదు.

“డాకటర్లొచ్చి మా ఆయన రగతం సీసాలో అట్టుకెల్లినారు. మా నూతి నీల్లూ అట్టుకెల్లినారు. కిడ్నీలు పోనాయన్నారు. ఎందుకు పోనాయో వొచ్చి సెప్తామన్నారు. మనిసెల్లిపోయి నాలుగేళ్లు. ఆ సీసా మీద పేరయినా రాయనేదు, నంబరేసినారు.”

పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానంలో ఆ జబ్బు తొక్కని వీధి లేదు. మన్మథరావు సంచిలోంచి చిన్న దళసరి చీటీ తీశాడు.

“ఇది బల్లి కాలికి కడతాం పిన్నీ. ఏ ఊరు, ఏ కొండ, ఏ తేదీ, ఎవరు చూపించారు, అన్నీ రాస్తాం. వందేళ్ల తరవాత సీసాలోంచి తీసి చూసినా ఎక్కడిదో తెలియాలి.”

“ఇయ్యన్నీ బల్లికి రాత్తారా?”

“రాయకపోతే అది పనికిరాదు.”

“బల్లి పెట్టి పుట్టింది,” అంది జోగమ్మ.

చేతిలో పండు కింద పెట్టి లేచింది. పెద్ద పలకరాయి వెనక నెర్రె చూపించింది. లోపల రెండు తెల్ల గుడ్లు అతుక్కుని ఉన్నాయి. “ఆటి జోలికెల్లకు.”

పక్కనే బూడిద తోక. పట్టి తిప్పి చూస్తే తొడల కింద వరసగా చుక్కలు, మగవాటికే ఉండేవి. మగదే. మన్మథరావు దాన్ని గుడ్డసంచిలో వేసి మూతి ముడివేశాడు. సాయంత్రానికి దాని ప్రాణం తీయాల్సింది తనే.

రాతిమీద చీటీ ఆనించి, చివర ‘జోగమ్మ’ అని రాశాడు.

“నిండుగా రాయి బావూ. పోలారావు పెళ్లాం జోగమ్మ.”

అక్షరాలు కుదించి రాశాడు. “ఏం పేరు పెట్టారో వచ్చి చెబుతాను పిన్నీ.”

ఇంట్లో ఇలాంటి మాట అన్నప్పుడు గోడ మీద బల్లి పలికితే, వేలితో నేలమీద తట్టి ‘సత్యం’ అనుకోవడం రివాజు. జోగమ్మ ఓ క్షణం చెవి ఒగ్గింది.

“పలకాల్సిన బల్లి నీ సంచిలోనే ఉంది. మరి సాచ్చికమెవులు?” అంది. “కొత్తది కాదంటే కాదనే సెప్పు. తెలీనేదంటే తెలీనేదనే సెప్పు. ఏదైనా నువ్వే వొచ్చి సెప్పు బావూ. ఎల్లు, బస్సు ఎల్లిపోద్ది.”